నాన్నగారి నడుం మీద నల్లమచ్చ

ప్రశ్న: డాక్టరు గారూ, మాది తణుకు దగ్గర పల్లెటూరు. నేను స్కూల్లో టీచరుగా చేస్తున్నాను. మా నాన్నగారికి 67 ఏళ్ళు, సుగరు ఉంది. వయసులో ఉండగా తాపీ మేస్త్రీగా పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్ జిల్లా పల్లెల్లో 11 ఏళ్ళు కాంట్రాక్టు పనులు చేశారు. అమ్మ కూడా అక్కడే ఉండేది. నేను పుట్టింది కూడా అక్కడే, రెండో తరగతి దాకా అక్కడే పెరిగాను. మూడేళ్ళ క్రితం నాన్నగారి నడుం పక్కన, మొలతాడు ఒరుసుకునే చోట, నల్లటి మచ్చ వచ్చింది. తాడు ఒరిపిడి అనుకున్నాం. తర్వాత తామర అన్నారు, మెడికల్ షాపులో నాలుగు రకాల ట్యూబులు ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ పాకింది. ఇప్పుడు మూడు సెంటీమీటర్లు ఉంది. స్కిన్ డాక్టరు గారు ముక్క తీసి పరీక్షకు పంపితే 'పిగ్మెంటెడ్ బోవెన్స్ డిసీజ్, స్క్వామస్ సెల్ కార్సినోమా ఇన్ సిటు' అని వచ్చింది. మూడేళ్ళుగా ఎవరూ ఎందుకు పట్టుకోలేకపోయారు? ఇది క్యాన్సరేనా? కీమో పెట్టాలా? కత్తి పెడితే ఒళ్ళంతా పాకుతుందని మా పెద్దమ్మ భయపెడుతోంది. నల్లజీడి రసంతో కాల్పిస్తే పోతుందని ఊళ్ళో ఒకాయన అంటున్నారు. నాన్నగారికి మాత్రం ఫంగస్ అనే చెప్పాం. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

సమాధానం: అమ్మా, మిమ్మల్ని ఎక్కువ భయపెడుతున్నదానికే ముందు జవాబు చెబుతాను. అవును, అది క్యాన్సరే. కానీ ఇంకా పైపొర దాటని క్యాన్సర్. దీనికి కీమో అక్కర్లేదు. ఒంట్లో ఎక్కడెక్కడికి పాకిందోనని స్కానింగులు కూడా అక్కర్లేదు. మచ్చను పూర్తిగా తీసేస్తే జబ్బు అక్కడితో పోతుంది. ఈ రాత్రి కాస్త నిద్రపోండి. మిగతాది నెమ్మదిగా చెబుతాను.

రిపోర్టులో మిమ్మల్ని భయపెట్టింది 'కార్సినోమా' అన్న మాట. కానీ ఆ పక్కనే ఉన్న 'ఇన్ సిటు' అన్న రెండు చిన్న మాటలు అంతకన్నా ముఖ్యం. లాటిన్‌లో దానికి 'ఉన్నచోటే ఉంది' అని అర్థం. మన చర్మంలో పైపొర ఒకటి, దాని కింద లోపలి చర్మం ఒకటి, రెంటికీ మధ్య గట్టులాంటి పల్చని పొర ఒకటి ఉంటాయి. రక్తనాళాలన్నీ గట్టుకు కిందే ఉంటాయి, పైపొరలో ఒక్కటీ ఉండదు. నాన్నగారి మచ్చలో చెడిపోయిన కణాలు పైపొర అంతా నిండి ఉన్నాయి గానీ గట్టు తెగలేదు. గట్టు తెగందే వాటికి రక్తంలోకి దారి లేదు. గోదావరి జిల్లాల వాళ్ళకు ఇంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదనుకుంటాను.

అలాగని ఊరికే వదిలేస్తే? వదిలేసినవాళ్ళలో నూటికి ముగ్గురి నుంచి ఐదుగురికి ఎప్పటికో గట్టు తెగుతుందని ఇన్నేళ్ళ పరిశీలనలు చెబుతున్నాయి. మర్మాంగాల దగ్గర వచ్చే మచ్చల్లో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. మిగతావాళ్ళకు ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, నెమ్మదిగా పెద్దదవుతుంది. ఆ ఐదుగురిలో ఎవరుంటారో ముందుగా ఎవరూ చెప్పలేరు కాబట్టి అందరికీ వైద్యం చేస్తాం. అంటే రేపే ఆపరేషన్ థియేటరుకు పరుగెత్తాల్సిన పని లేదు. అలాగని సంక్రాంతి వెళ్ళనీ, కోతలు అవనీ అని ఏడాది జరపడమూ తప్పే. కొన్ని వారాల్లో చేయించేయండి.

ఈ జబ్బుకు ఆ పేరు 1912లో వచ్చింది. బోస్టన్‌లో జాన్ టెంపుల్టన్ బోవెన్ అనే చర్మవైద్యుడు ఇద్దరు రోగుల్లో దీన్ని గమనించి రాశారు. మామూలుగా ఇది ఎర్రగా, పొట్టు లేస్తూ ఉండే మచ్చ. పుస్తకాల్లో బొమ్మలన్నీ ఎర్రవే. నల్లగా ఉండే రకం మొత్తంలో నూటికి ఐదుకు మించదంటారు గానీ, ఆ లెక్కలు ఎక్కువగా తెల్లచర్మం వాళ్ళవి. మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాల్లో ఎదురైతే నల్లరకమే ఎదురయ్యే అవకాశం ఎక్కువ. చెడిపోయిన కణాల మధ్య రంగు తయారుచేసే కణాలు కూడా చేరి పనిచేస్తూ ఉంటాయి. ఆ రంగు కొంత పైపొరలో నిలుస్తుంది, కొంత కిందికి రాలిపడుతుంది. మచ్చ నల్లబడేది అందుకే. ఎండ తగిలే ముఖం, చేతుల మీదే కాకుండా బట్టల చాటున ఉండే నడుం, గజ్జలు, తొడల మీద కూడా వస్తుంది. మొలతాడు ఒరిపిడి వల్ల వచ్చిందని మీరు అనుకున్నారు. తాడు చేసిన పాపం ఏమీ లేదు.

ఇన్నాళ్ళు ఎందుకు పట్టుకోలేకపోయారని మీ ఉత్తరంలో కోపం కనిపించింది. ఆ కోపం న్యాయమే. కానీ ఇది నిజంగా మోసం చేసే మచ్చ, నన్నూ మోసం చేసింది. చాలా ఏళ్ళ క్రితం ఒక కూలీ పని చేసుకునే ఆవిడ తొడ మీద ఇలాంటి మచ్చతోనే వచ్చింది. నేను తామర అనుకున్నాను. నాలుగు నెలలు మందులు మార్చి మార్చి ఇచ్చాను. వచ్చిన ప్రతిసారీ ఆవిడ "కొంచెం నయమేనండీ" అనేది, నన్ను నొప్పించడం ఇష్టం లేక. ఐదో నెలలో మచ్చ మధ్య చిన్న బొడిపె లేచింది. అప్పుడు ముక్క తీశాను. గట్టు తెగింది. ఆపరేషన్ పెద్దదే అయింది, ఆవిడ బాగుపడింది. కానీ ఆ నాలుగు నెలలు నా వల్ల పోయినవే. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఒక్కటే మచ్చ, సరైన మందు సరిగ్గా వాడినా నెలలో లొంగకపోతే ఇంకో ట్యూబు రాయను, ముక్క తీస్తాను.

మీకు షాపులో ఇచ్చిన ట్యూబులు బహుశా స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపినవై ఉంటాయి. వాటిలోని స్టెరాయిడ్ దురదను, మంటను నొక్కేస్తుంది. పొట్టు తగ్గుతుంది, మచ్చ నునుపు తేలుతుంది. మందు పనిచేసిందనుకుంటాం. కింద జబ్బు తన పని తాను చేసుకుంటూ పోతుంది. 'తగ్గినట్టే తగ్గి మళ్ళీ పాకింది' అని మీరు రాశారు చూడండి, అది సరిగ్గా ఇదే.

తామరకు అంచు చురుగ్గా ఉండి మధ్యలో చర్మం తేటపడుతుంది, దురద తినేస్తుంది, సరైన మందుకు లొంగుతుంది. బోవెన్స్ మచ్చకు దురద ఉన్నా కొద్దిగానే. మధ్యలో తేటపడకుండా మొత్తంగా పెరుగుతుంది. అంచు స్పష్టంగా ఉంటుంది గానీ గుండ్రంగా కాకుండా వంకరటింకరగా ఉంటుంది. ఒక మూల గోధుమరంగు, ఒక మూల నలుపు, మధ్యలో ఎక్కడో ఎరుపు. వేలితో తడిమితే గరుకు. పెద్దవాళ్ళకు వీపు మీద, ఛాతీ మీద మైనం ముద్ద అంటించినట్టు లేచే నల్లటి మచ్చలు వేరు. అవి వయసుతో వచ్చేవి, వాటితో ప్రమాదం లేదు, కానీ చూపుకు రెండూ ఒకటేలా ఉంటాయి. ఏదైనా మాత్ర పడక వచ్చే నల్లమచ్చ ఆ మాత్ర వేసుకున్నప్పుడల్లా అదే చోట మంటతో రేగుతుంది. వీటన్నిటికన్నా భయపడాల్సింది మెలనోమా. అది రంగు కణాలకే వచ్చే క్యాన్సర్, మనవాళ్ళలో ఎక్కువగా అరికాలిలోనో గోటి కిందో వస్తుంది. నల్లరకం బోవెన్స్‌ను చూసి మెలనోమా అని డాక్టర్లే కంగారుపడిన సందర్భాలున్నాయి. దీన్నంతా ఇంట్లో కూర్చుని తేల్చమని మీకు చెప్పడం లేదు. కంటితో తేల్చుకోవడం మాకే కష్టం. కొత్తగా వచ్చి, పెరుగుతూ, మందుకు లొంగని ఒంటరి మచ్చను చూపించండి, అంతే.

మీ డాక్టరు గారు ముక్క తీసే ముందు మచ్చకు ఒక చిన్న దీపపు భూతద్దం ఆనించి చూసే ఉంటారు. దాన్ని డెర్మోస్కోప్ అంటారు. అందులో ఈ మచ్చ కనిపించే తీరు నాకు ఎప్పుడూ గుర్తుండిపోతుంది. ముగ్గు వేసే ముందు పెట్టిన చుక్కల్లా సన్నటి గోధుమరంగు చుక్కలు అంచు దగ్గర వరసలు కట్టి ఉంటాయి. వాటి నడుమ అక్కడక్కడా దారపు ఉండల్లా చుట్టుకున్న ఎర్రటి సన్నని నాళాలు, పైన తెల్లటి పొట్టు. ఇవి కనిపించాయంటే అనుమానం బలపడుతుంది. కానీ మాట ఖాయమయ్యేది ముక్క పరీక్షతోనే.

ఇక మీ పెద్దమ్మగారి భయం. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎంతోమంది ఇదే అడుగుతారు, కాబట్టి ఆవిణ్ణి తప్పుపట్టను. వెనకటి రోజుల్లో క్యాన్సర్ బాగా ముదిరాక గానీ ఆపరేషన్ దాకా వచ్చేవాళ్ళు కాదు. కోశాక కొన్నాళ్ళకే పోయేవాళ్ళు. చూసినవాళ్ళకు కత్తే చంపిందనిపించేది. ఈ మచ్చలో ముక్క తీసినంత మాత్రాన జబ్బు ఒళ్ళంతా పాకదు. నాన్నగారికి తీసింది నాలుగు మిల్లీమీటర్ల ముక్క అయి ఉంటుంది, బఠాణీ గింజ కన్నా చిన్నది. ఆ చిన్న ముక్క లేకపోతే ఈపాటికి ఐదో ట్యూబు పూస్తూ ఉండేవారు.

నల్లజీడి మాట మాత్రం వద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ రసం చర్మాన్ని కాల్చి బొబ్బలు లేపుతుంది. చాకళ్ళు బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి వాడే రసం అది. పైన మచ్చ మాడి ఊడిపోతుంది, పోయిందని సంబరపడతాం. కానీ బోవెన్స్ కణాలు వెంట్రుక కుదుళ్ళ వెంబడి లోపలికి దిగి ఉంటాయి. కాలిన మచ్చ కింద అవి బతికే ఉంటాయి, పైగా ఆ కాలిన గుర్తు వాటిని దాచిపెడుతుంది. సుగరు ఉన్న మనిషికి పుండు పడితే మానడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా.

వైద్యం విషయానికి వస్తే, నాన్నగారి మచ్చకు నేనైతే కోసి తీయడమే మేలంటాను. చోటు నడుం, అక్కడ చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి కుట్లు తేలిగ్గా పడతాయి. మచ్చ చుట్టూ సుమారు నాలుగైదు మిల్లీమీటర్ల మంచి చర్మం కూడా కలిపి తీస్తారు. మచ్చ ఉన్నచోట మాత్రమే మత్తు ఇస్తారు, మనిషి మాట్లాడుతూనే ఉంటారు. ఒక పూటలో పని అయిపోతుంది, మామూలుగా అదే రోజు ఇంటికి వచ్చేయొచ్చు. కోయడంలో ఇంకో పెద్ద లాభం ఉంది. ఇప్పటివరకూ పరీక్షించింది మూడు సెంటీమీటర్ల మచ్చలో నాలుగు మిల్లీమీటర్లే. మొత్తం తీస్తే మొత్తం మైక్రోస్కోపు కిందికి వెళుతుంది, ఎక్కడైనా గట్టు తెగిందేమో తేలిపోతుంది. కాబట్టి తీసిన ముక్కను తప్పకుండా పరీక్షకు పంపమని అడగండి. రిపోర్టు వచ్చాక అంచుల్లో జబ్బు లేదని రాసి ఉందో లేదో చూడండి. ఉందని రాస్తే ఇంకొంచెం తీయాల్సి వస్తుంది, అందులో కంగారుపడాల్సింది లేదు. ఆపరేషన్‌కు ముందు సుగరు అదుపులో పెట్టండి. రక్తం పల్చబడే మాత్రలేమైనా వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పండి, మీకై మీరు ఆపకండి.

ఆపరేషన్ కుదరనివాళ్ళకు క్రీములున్నాయి. ఫ్లోరోయురాసిల్ ఐదు శాతం క్రీము మూడు నాలుగు వారాలు రాస్తారు. పనిచేస్తున్న కొద్దీ ఆ చోటు ఎర్రబడి, రసి కారి, పచ్చిపుండులా అవుతుంది. ఇంట్లోవాళ్ళు టెన్షన్ పడి మధ్యలో ఆపేసేది అప్పుడే. అది చెడు కణాలు చచ్చిపోతున్న గుర్తు, అయినా డాక్టరుకు చూపిస్తూ ఉండాలి. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళు ఆ క్రీమును తాకకూడదు, రాసేవాళ్ళు చేతికి గ్లవ్స్ వేసుకోవాలి. ఇమిక్విమాడ్ అనే క్రీము ఇంకోటి ఉంది, అది ఇంకా ఎక్కువ వారాలు పడుతుంది, ఒక్కోసారి జ్వరం వచ్చినట్టు ఒళ్ళు నొప్పులు తెస్తుంది. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే పద్ధతి చిన్న మచ్చలకు బాగుంటుంది గానీ మన చర్మం మీద తెల్లమచ్చ మిగులుతుంది, మోకాలి కింద అయితే పుండు త్వరగా మానదు. మందు రాసి ప్రత్యేకమైన కాంతి పట్టే వైద్యం విదేశాల్లో ఎక్కువగా చేస్తారు. నల్లరకానికి అది అంతగా నప్పదు, మచ్చలోని రంగే ఆ కాంతిని మింగేస్తుంది. ఏ పద్ధతిలో చేసినా కొందరిలో జబ్బు అదే చోట తిరగబెట్టొచ్చు, అందుకే కొన్నేళ్ళపాటు ఆర్నెల్లకో, ఏడాదికో ఒకసారి చూపించుకోవాలి.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ నేను చెప్పాలి. కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రిలో చర్మవిభాగం ఉంది. ఆరోగ్యశ్రీ లాంటి పథకంలో ఏది వర్తిస్తుందో అక్కడ కూర్చునే ఆరోగ్యమిత్రను అడగండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యానికి వస్తాను. ముర్షిదాబాద్‌లో 11 ఏళ్ళు. గంగ డెల్టాలో ఉన్న ఆ జిల్లాలో, పక్కనే మాల్దా, నదియా జిల్లాల్లో, సరిహద్దు దాటితే బంగ్లాదేశ్‌లో భూమి పొరల్లోంచే బోరు నీళ్ళలోకి ఆర్సెనిక్ అనే విషపదార్థం దిగుతుంది. 1980లలో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో కె.సి. సాహా అనే చర్మవైద్యుడు పల్లెల నుంచి వచ్చే రోగుల ఒంటిమీది మచ్చలు చూసి దీన్ని బయటపెట్టారు. లీటరుకు పది మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. అక్కడ ఎన్నో బోరింగుల్లో అది ఎన్నో రెట్లు దాటింది. ఆర్సెనిక్‌కు రంగు, రుచి, వాసన ఉండవు. కాచినా పోదు. బోవెన్స్ రావడానికి ఉన్న కారణాల్లో ఎండ, ఒక రకం వైరస్, కిడ్నీ మార్పిడి వాళ్ళు వాడే మందులతో పాటు ఇది ముఖ్యమైనది. నీళ్ళు తాగడం మానేసిన పదేళ్ళకు, ఇరవై ఏళ్ళకు, ఇంకా తర్వాత కూడా మచ్చ బయటపడొచ్చు. నాన్నగారికి కారణం ఇదేనని ఉత్తరం చదివి ఖాయంగా అనలేను. కానీ వెతికి తీరాలి, ఎందుకంటే ఆర్సెనిక్ వల్ల వచ్చే బోవెన్స్ తరచు ఒక్క మచ్చతో ఆగదు.

కాబట్టి పగటి వెలుతురులో ఆయన ఒళ్ళంతా ఒకసారి చూడండి, లేదా అన్నయ్యనో తమ్ముణ్ణో చూడమనండి. వీపు, పిరుదులు, తొడలు, గజ్జలు. పొడినేల మీద వానచినుకులు పడినట్టు తెల్లచుక్కలు, నల్లచుక్కలు కలిసి ఉన్నాయేమో చూడండి. అరచేతులు ప్రత్యేకంగా చూడండి. మేస్త్రీ చేతులు కాయలు కాసే ఉంటాయి. కానీ తాపీ వల్ల వచ్చిన కాయ తాపీ పిడి ఒత్తుకునే చోటే ఉంటుంది. ఆర్సెనిక్ గరుకులు ఒత్తిడి లేని చోట కూడా, అరచేతి గుంటలో, వేళ్ళ పక్కల, అరికాలి వంపులో, జొన్నగింజల్లా చెదిరి ఉంటాయి. అలాంటివి కనిపిస్తే డాక్టరుకు ముర్షిదాబాద్ సంగతి చెప్పండి. అప్పుడు ఊపిరితిత్తులు, మూత్రాశయం మీద కూడా ఒక కన్ను వేస్తారు. దగ్గు వదలకపోయినా, మూత్రంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకూడదు. ఉబ్బసానికో, సోరియాసిస్‌కో తాళకం, మణిశిల, పాషాణం కలిసిన నాటుమందులు ఏళ్ళ తరబడి వాడారేమో కూడా అడగండి. వాటిలో ఉండేది కూడా ఆర్సెనికే.

ఇవన్నీ ఆయన్ను అడగాలంటే, ఆయనకు నిజం తెలియాలి. ఫంగస్ అని చెప్పి ఆపరేషన్ బల్ల మీద ఎలా పడుకోబెడతారమ్మా? ఆస్పత్రి చీటీ మీద ఏదో అక్షరం చూసి, వరండాలో ఎవరో అన్న మాట విని ఆయనే ఊహించుకుంటారు. ఆ ఊహ నిజం కన్నా ఎన్నో రెట్లు పెద్దదిగా ఉంటుంది. ఊరు కాని ఊళ్ళో 11 ఏళ్ళు సంసారం నెగ్గుకొచ్చిన మనిషి ఆయన. పక్కన కూర్చుని ఈ మాటలే చెప్పండి: "నాన్నా, ఇది ఫంగస్ కాదట. క్యాన్సరే, కానీ పైపొరలోనే ఉంది, కోసి తీసేస్తే పోతుందన్నారు. నీకు భయమేస్తుందని ముందు చెప్పలేదు." ఆయన కాసేపు ఏమీ మాట్లాడకపోవచ్చు. లేచి రాకండి, అక్కడే కూర్చోండి.

ఆపరేషన్ లోగా మచ్చలో బొడిపె లేచినా, పుండు పడినా, రక్తం వచ్చినా అనుకున్న తేదీ కోసం ఆగకుండా వెంటనే చూపించండి.

ఇంకొక్క మాట. అమ్మగారు తాగింది కూడా ఆ బోరింగు నీళ్ళే. మీరు కూడా పసితనంలో అవే తాగారు. ఈసారి నాన్నగారిని తీసుకెళ్ళినప్పుడు చీటీ ఒకటి కాదు, మూడు రాయించండి.